నెత్తురు కనపడకపోతే పన్నెండేళ్ళకే చూపించొచ్చా?

2008లో బ్యాట్‌మన్ సినిమా ‘ది డార్క్ నైట్’కు ఇచ్చిన వయసు రేటింగ్ మీద బ్రిటన్‌లో జరిగిన గొడవ అర్థం కావాలంటే ఒక పెన్సిలు దగ్గర మొదలుపెట్టాలి. గాథం నగరంలోని ముఠా నాయకులంతా ఒక గదిలో సమావేశమై ఉంటారు. విలన్ జోకర్ పిలవని పేరంటంగా వచ్చి, ఒక మాయ చేసి చూపిస్తానంటూ పెన్సిలును బల్ల మీద నిలువునా గుచ్చుతాడు. తనను గెంటేయడానికి మీదికొచ్చిన మనిషి తల పట్టుకుని ఆ పెన్సిలు మీదికి ఒక్క ఊపున దించుతాడు. మనిషి కింద పడిపోతాడు. బల్ల మీద పెన్సిలు ఉండదు. అంతా కలిపి రెప్పపాటు వ్యవహారం. నెత్తురు చుక్క కనపడదు, గాయం కనపడదు. పెన్సిలు ఎక్కడికి పోయిందో మాత్రం హాల్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు.

ఈ సినిమాకు బ్రిటిష్ బోర్డ్ ఆఫ్ ఫిల్మ్ క్లాసిఫికేషన్, అంటే అక్కడి బీబీఎఫ్‌సీ, 12ఏ ఇచ్చింది. పన్నెండేళ్ళు నిండిన పిల్లలు ఎవరి తోడూ లేకుండా వెళ్ళి చూడొచ్చు. అంతకన్నా చిన్నవాళ్ళయితే పక్కన పెద్దవాళ్ళు ఉండాలి. పక్కన నాన్న ఉంటే నాలుగేళ్ళ పిల్లాడిని కూడా గేటు దగ్గర ఎవరూ ఆపరు. సూపర్‌హీరో సినిమా అనగానే పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళిన తల్లిదండ్రులు చాలామంది బయటికొచ్చి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. బోర్డుకు అందిన ఫిర్యాదులు 364. లక్షల మంది చూసిన సినిమాకు ఇదో లెక్కా అనిపించవచ్చు. కానీ ఒక్క సినిమా మీద అన్ని రావడం ఆ దశాబ్దంలోనే రికార్డు. రేటింగ్ నచ్చకపోతే కూర్చుని ఫిర్యాదు రాసేవాళ్ళు ఏ దేశంలోనైనా తక్కువే. మిగతావాళ్ళు ఇంటికెళ్ళి పిల్లాడి పక్కన పడుకుంటారు.

రాజకీయ నాయకులూ దిగారు. కన్జర్వేటివ్ పార్టీ మాజీ నాయకుడు ఇయాన్ డంకన్ స్మిత్, దీనికి 12ఏ ఎలా ఇచ్చారంటూ పత్రికకు లేఖ రాశారు. పార్లమెంటు హోం వ్యవహారాల కమిటీ అధ్యక్షుడు, లేబర్ ఎంపీ కీత్ వాజ్ కూడా బోర్డును తప్పుపట్టారు. రెండు పార్టీల వాళ్ళూ ఒకే మాట మీద ఉండటం అక్కడా అరుదే.

బోర్డు ఇచ్చుకున్న సమాధానం సారాంశం ఇది: సినిమాలో హింస ఉన్నమాట నిజమే, 12ఏకీ, పదిహేనేళ్ళ లోపువాళ్ళను అసలు రానివ్వని 15కీ మధ్య గీత మీద నిలబడ్డ సినిమా అన్నదీ నిజమే. అయితే ఇది కామిక్ పుస్తకంలోంచి పుట్టిన కాల్పనిక లోకం. గాయాలను దగ్గరగా చూపించలేదు, నెత్తురు దాదాపు లేదు. కత్తి నోట్లో పెట్టి బెదిరించడం ఉంటుంది గానీ కోసినట్టు తెర మీద కనపడదు.

నిబంధనల పుస్తకం ముందు పెట్టుకుని చదివితే ఈ వాదనలో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా సినిమా చూసినవాడికి ఇది ఒక పట్టాన మింగుడుపడదు. ఎందుకంటే, దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ పనిగట్టుకుని చెరిపేసింది ఆ కాల్పనికతనే. షికాగో వీధుల్లో తీశాడు. గాథం అంటే బొమ్మల పుస్తకంలోని ఊరులా కాక, రేపు పొద్దున ఉద్యోగానికి వెళ్ళే నగరంలా ఉంటుంది. బ్యాంకు దొంగతనం బ్యాంకు దొంగతనంలాగే ఉంటుంది. మేయర్ కిటికీకి కొట్టుకుని వేలాడే శవం, బందీలకు విదూషకుల ముసుగులు తగిలించి పోలీసుల తుపాకులకు ఎదురుగా నిలబెట్టడం, చివర్లో ఒక తండ్రి కళ్ళముందే కొడుకు తలకు తుపాకి గురిపెట్టడం. వీటిలో ఎగిరేవాడు లేడు, మంత్రం లేదు, వేరే గ్రహం లేదు. సూపర్‌హీరో సినిమాను నిజం చేశాడని విమర్శకులు ఏ పనిని మెచ్చుకున్నారో, అది జరగనట్టే అనుకుని రేటింగ్ ఇచ్చారు. నా దృష్టిలో ఆ గొడవకు అసలు ముడి ఇక్కడుంది. 364 ఫిర్యాదుల్లో ఎన్ని సబబైనవి, ఎన్ని అతి అనేది తర్వాతి సంగతి.

సూపర్‌హీరోలకూ బ్రిటిష్ సర్టిఫికెట్లకూ చుట్టరికం పాతదే. 1989 దాకా అక్కడ, తల్లిదండ్రుల సలహాతో పిల్లలు చూడదగ్గ పీజీ తర్వాత నేరుగా 15 ఉండేది. మధ్యలో ఏమీ లేదు. ఆ ఏడాది టిమ్ బర్టన్ తీసిన ‘బ్యాట్‌మన్’ వచ్చింది. పీజీ ఇద్దామంటే మరీ చీకటి, 15 ఇద్దామంటే ఆ బొమ్మలు కొనే పిల్లలే లోపలికి రాలేరు. ఆగస్టులో కొత్తగా 12 అనే మెట్టు పెట్టారు, హాళ్ళలో దాన్ని మొదట అందుకున్న సినిమా ‘బ్యాట్‌మన్’. ఆ 12 ఖచ్చితమైన గీత. పదకొండేళ్ళ పదకొండు నెలల పిల్లాడికి కూడా ప్రవేశం లేదు, పక్కన అమ్మ ఉన్నా సరే.

పదమూడేళ్ళ తర్వాత ‘స్పైడర్ మ్యాన్’ వచ్చి ఆ గీతను చెరిపింది. 2002లో దానికి 12 ఇచ్చారు. స్కూలు సంచీ మీద స్పైడర్ మ్యాన్ బొమ్మ ఉన్న ఎనిమిదేళ్ళ పిల్లలు హాలు బయట ఏడుపు. ఇక్కడ బ్రిటిష్ చట్టంలోని తమాషా ఒకటి చెప్పాలి: హాళ్ళలో ఎవరు ఏం చూడాలో తేల్చే అసలు అధికారం స్థానిక కౌన్సిళ్ళది. బోర్డు ఇచ్చేది సలహా, దాన్ని కౌన్సిళ్ళు పాటిస్తాయంతే. అప్పుడు కొన్ని కౌన్సిళ్ళు బోర్డును పక్కనబెట్టి, పెద్దవాళ్ళు వెంట ఉంటే చిన్నపిల్లలూ చూడొచ్చని తమ ఊళ్ళ వరకూ అనుమతి ఇచ్చేసుకున్నాయి. అలాంటి వెసులుబాటు గురించి బోర్డు అప్పటికే ఆలోచిస్తోంది. ఆగస్టు 30న 12ఏ అమల్లోకి వచ్చింది.

అంటే 2008లో ఏ సర్టిఫికెట్ అన్యాయమని తల్లిదండ్రులు మండిపడ్డారో, ఆ సర్టిఫికెట్టు ఆరేళ్ళ కింద వచ్చినప్పుడు దాని వెనక తల్లిదండ్రుల ఒత్తిడి కూడా ఉంది. మా పిల్లల సంగతి మేం చూసుకుంటాం, మీరు అడ్డు తప్పుకోండి అన్నదీ వాళ్ళే. మీరెందుకు అడ్డుపడలేదని అడిగిందీ వాళ్ళే. దీన్ని వెక్కిరించాలని నాకు లేదు. మొదటిసారి అడిగినప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది గోడల మీద పాకే కుర్రాడు. రెండోసారి తెర మీద కనిపించింది వేరే మనిషి.

అమెరికాలో ‘ది డార్క్ నైట్’కు పీజీ-13 వచ్చింది, అంటే పదమూడేళ్ళ లోపు పిల్లల విషయంలో జాగ్రత్త అని తల్లిదండ్రులకు చెప్పే మెట్టు. ఆ మెట్టు కథా ఇలాంటిదే. 1984లో ‘ఇండియానా జోన్స్ అండ్ ద టెంపుల్ ఆఫ్ డూమ్’లో ఛాతీలోంచి గుండె పీకే దృశ్యం, ‘గ్రెమ్లిన్స్’లోని రచ్చ చూసి తల్లిదండ్రులు గగ్గోలు పెడితే, పీజీకీ, పదిహేడేళ్ళ లోపువాళ్ళకు తోడు కావాల్సిన ఆర్‌కీ నడుమ ఇంకోటి పెట్టండని స్వయంగా స్టీవెన్ స్పీల్‌బర్గే సూచించాడు. ఆ జులై 1న పీజీ-13 పుట్టింది. అక్కడ రేటింగ్ ఇచ్చేది ప్రభుత్వం కాదు, నిర్మాణ సంస్థల సంఘం. కూర్చుని చూసేవాళ్ళు తల్లిదండ్రులు, చాలామంది పేర్లు బయటికి రావు.

వాళ్ళ లెక్క కొన్నిచోట్ల మహా ఖచ్చితం. లైంగికార్థం ఉన్న పెద్ద బూతుమాట ఒకసారి ఊతపదంగా వస్తే పీజీ-13 సరిపోతుంది. రెండోసారి వచ్చిందంటే మామూలుగా ఆర్. హింస దగ్గరికొచ్చేసరికి ఈ ఖచ్చితత్వం మాయమవుతుంది. నిజమనిపించేంత తీవ్రంగానో, ఆగకుండానో ఉండకూడదు అంటారు తప్ప శవాలను లెక్కబెట్టరు. నెత్తురు లేకుండా ఎంతమంది పోయినా పెద్ద ఇబ్బంది లేదు. దీని ఫలితం 2013లో ‘పీడియాట్రిక్స్’ వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో బయటపడింది. బాగా ఆడిన సినిమాలను తీసుకుని చూస్తే, పీజీ-13 సినిమాల్లో తుపాకి హింస 1985 నుంచి మూడింతలకు పైగా పెరిగింది. 2012 నాటికి పెద్దల కోసమని చెప్పే ఆర్ సినిమాలనే దాటిపోయింది. నెత్తురు తుడిచేయడం నిర్మాతకు చేతనైన పని. తుడిచేస్తే పదమూడేళ్ళ కుర్రాడు టికెట్టు కొనొచ్చు. తుపాకి పేలితే నెత్తురొస్తుందన్న సంగతి ఆ కుర్రాడికి మాత్రం తెలియకుండా పోతుంది. ఇది పిల్లల్ని కాపాడటం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

జాక్ స్నైడర్ ‘బ్యాట్‌మన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’ 2016లో పీజీ-13తో హాళ్ళలో ఆడి, అరగంట కలుపుకుని ఇంట్లో చూసే డిస్కుగా వచ్చేసరికి ఆర్ అయింది. కథ అదే, చీకటి అదే, తల్లి పేరు విని ఆగిపోయే హీరో కూడా అతనే.

వ్యాపారం సంగతి వచ్చింది కాబట్టి 1992 గుర్తు చేసుకోవాలి. ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో పాటు మెక్‌డొనాల్డ్స్ పిల్లల భోజనం డబ్బాల్లో బొమ్మలు పెట్టి ఇచ్చింది. తెర మీద చూస్తే పెంగ్విన్ అనే విలన్ నోట్లోంచి నల్లటి ద్రవం కారుతూ ఉంటుంది. పిల్లల్ని పిలిచి మరీ ఇది చూపిస్తారా అని తల్లిదండ్రులు విరుచుకుపడ్డారు. తర్వాతి సినిమాకు దర్శకుడు మారాడు, రంగులు మారాయి. రేటింగ్ బోర్డులు ఎన్ని అంకెలు వేసినా, పిల్లలకు అసలు ఆహ్వానపత్రిక అందేది బొమ్మల దుకాణంలో, నీళ్ళ సీసా మీద, పుట్టినరోజు కేకు మీద. ‘ది డార్క్ నైట్’ బొమ్మలూ అమ్మారు. పన్నెండేళ్ళవాళ్ళకని గీత గీసిన సినిమాకు అయిదేళ్ళవాడు ఆడుకునే బొమ్మ ఎందుకు అని అడిగితే బోర్డు దగ్గర జవాబు ఉండదు. అది దాని పని కాదు.

ఇంతకీ పిల్లలు దేనికి భయపడతారు? దీనిమీద ఏళ్ళ తరబడి పనిచేసినవారు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా ఉన్న జోఆన్ క్యాంటర్. 1980ల్లో ఆమె, సహ పరిశోధకులు పట్టుకున్న ఉదాహరణ కూడా ఒక సూపర్‌హీరోదే, టీవీలో వచ్చిన ‘ది ఇన్‌క్రెడిబుల్ హల్క్’. బడికి ఇంకా వెళ్ళని పిల్లలు ఆ సీరియల్ చూసి జడుసుకుంటున్నారని తల్లిదండ్రులు చెబుతుంటే ఆశ్చర్యంగా అనిపించింది. హల్క్ మంచివాడు కదా, జనాన్ని కాపాడతాడు కదా. పిల్లలను కూర్చోబెట్టి చూపిస్తే సంగతి తేలింది. ఆ మెతకమనిషి కళ్ళముందే పచ్చగా ఉబ్బి, చొక్కా పిగిలి రాక్షసుడైపోయే చోట బుడతల భయం అమాంతం పెరుగుతోంది. తొమ్మిది పదేళ్ళవాళ్ళకు సరిగ్గా అక్కడే ధైర్యం వస్తోంది. హమ్మయ్య, ఇక ఇతన్ని ఎవరూ ఏమీ చేయలేరు అని. వాళ్ళ భయమంతా దానికి ముందే, ఆ మామూలు మనిషికి ఏమవుతుందోనని.

చిన్నపిల్లలు రూపానికి భయపడతారు. ఏడెనిమిదేళ్ళు దాటాక జరగడానికి వీలున్నదానికి భయపడతారు. కౌమారంలోకి అడుగుపెట్టేసరికి ఆలోచనకు భయపడటం మొదలవుతుంది. ఈ మెట్లను పట్టుకుని ‘ది డార్క్ నైట్’ను మళ్ళీ చూడండి. సగం మొహం కాలి, దవడ ఎముక బయటపడ్డ ప్రాసిక్యూటర్ హార్వీ డెంట్ తెర మీదికి రాగానే అయిదేళ్ళ పిల్ల అమ్మ చంకలో తల దాచుకుంటుంది. ఆ పిల్లకు జోకర్ మాటలు ఒక్కటీ అర్థం కావు, రెండు పడవల జనం ఎదుటి పడవను పేల్చాలా వద్దా అన్న చిక్కుముడి అసలే అర్థం కాదు. పక్క సీట్లో పన్నెండేళ్ళ అన్నకు డెంట్ మొహం మేకప్ అని తెలుసు. వాడికి రాత్రి నిద్ర పట్టనివ్వనిది వేరే: ఏ కారణమూ లేకుండా, డబ్బు కూడా అక్కర్లేకుండా ఒకడు ఊరిని తగలబెట్టాలనుకుంటే ఆపేదెవరు? పోలీసుల్లోనే కొందరు అమ్ముడుపోతే? మంచివాడనుకున్నవాడు చివరికి ఒక పిల్లాడి తలకు తుపాకి పెడితే? నెత్తురెంత కనపడిందని కొలిచే రేటింగుకు చెల్లెలి భయమూ అందలేదు, అన్న భయమూ అందలేదు.

మనవాళ్ళతో ఈ మాట అంటే ఒక ఎదురుప్రశ్న తప్పకుండా వస్తుంది: మనం చిన్నప్పుడు చూడలేదా? నిజమే. స్తంభం చీల్చుకుని వచ్చిన నరసింహస్వామి హిరణ్యకశిపుడిని తొడల మీద పడుకోబెట్టుకుని గోళ్ళతో పొట్ట చీల్చి, పేగులు మెడలో వేసుకోవడం మనకు క్యాలెండర్ల మీద, గుడి గోపురాల మీద, నాన్నమ్మ కథల్లో, తెర మీద కూడా అలవాటే. ఏ బోర్డైనా ఆ దృశ్యాన్ని విడిగా చూసి రేటింగ్ ఇమ్మంటే పద్దెనిమిదికి తగ్గదు. అయినా పిల్లలు జడుసుకున్న దాఖలాలు తక్కువ, ఇంకోసారి చెప్పమని అడిగిన దాఖలాలే ఎక్కువ. ప్రహ్లాదుడికి ఏమీ కాదని కథ మొదలుకాకముందే తెలుసు. ఏనుగులు తొక్కినా, విషం పెట్టినా, లోయలోకి తోసినా పిల్లాడు బతుకుతాడు. చివరికి స్వామి వస్తాడు. ఎంత నెత్తురు పారినా ధర్మం చోటు మారదు. జోకర్ కథలో కదిలేది ఆ ధర్మమే. మంచివాళ్ళు గెలుస్తారా అంటే సినిమా సూటిగా ఔననదు. బ్యాట్‌మన్ చివరికి చేయని నేరం మీద వేసుకుని, కుక్కలు తరుముతుంటే పారిపోతాడు. పెద్దవాళ్ళకు అది గొప్ప ముగింపు. తొమ్మిదేళ్ళవాడికి, వీడు మంచోడే కదా నాన్నా, మరి ఎందుకు తరుముతున్నారు అనే ప్రశ్న.

కాబట్టి మనం చూడలేదా అన్న మాట ఇక్కడ పూర్తిగా అతకదు. పూర్తిగా కొట్టిపారేయాల్సిందీ కాదు. పక్కన నాన్నమ్మ ఉందన్నది చాలా పెద్ద సంగతి. 12ఏలో చివరున్న ఆ ఏ అనే అక్షరం ఆశపెట్టుకున్నది అలాంటి మనిషి మీదే.

చర్చ దారి తప్పేది ఎక్కువగా అంకెల దగ్గర. 12ఏ, పీజీ-13, యూఏ 13+ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, వెనకున్న చట్టాలు వేరు. ఇదే ‘ది డార్క్ నైట్’కు పక్కనున్న ఐర్లండ్ 15ఏ ఇచ్చింది, పదిహేను నిండనివాళ్ళు పెద్దవాళ్ళతోనే రావాలి. జర్మనీ ఏకంగా 16 ఇచ్చింది. జర్మనీలో 12 వచ్చిన సినిమాకైతే ఆరేళ్ళు దాటిన పిల్లల్ని అమ్మానాన్నలు తీసుకెళ్ళొచ్చు, 16కు మాత్రం అమ్మ వచ్చినా అయ్య వచ్చినా లాభం లేదు. అమెరికాలో ఆర్ అంటే పదిహేడేళ్ళ లోపువాళ్ళకు తోడు కావాలి, అంతే. 2019లో ‘జోకర్’కు ఆర్ వచ్చినప్పుడు, ఇది పిల్లల సినిమా కాదు, తీసుకురావద్దు అని ఆలమో డ్రాఫ్ట్‌హౌస్ థియేటర్లవాళ్ళే ప్రత్యేకంగా తల్లిదండ్రులను హెచ్చరించాల్సి వచ్చింది. తీసుకొస్తే రేటింగ్ ఆపదు మరి. అదే ‘జోకర్’ బ్రిటన్‌లో 15, మన దగ్గర పెద్దలకు మాత్రమే అనే ‘ఏ’. ఈ రెండు చోట్లా వెంట ఎవరున్నా పిల్లలకు ప్రవేశం లేదు.

బ్రిటన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ తేడా బాగా తెలుసు. ‘ఆర్ఆర్ఆర్’ మన దగ్గర యూ/ఏ. ఊరూరా పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వెళ్ళి చూశారు. బ్రిటన్‌లో దానికి 15. నాటు నాటు స్టెప్పులన్నీ వచ్చిన పన్నెండేళ్ళ పిల్లకు హాల్లోకి ప్రవేశం లేదు. మన సెన్సార్ మెతక, వాళ్ళది కఠినం అని దీన్నిబట్టి తీర్పు చెప్పేయడానికి లేదు. 2025లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’కు మన బోర్డు యూఏ 13+ ఇస్తూ, హీరో హీరోయిన్ల ముద్దు మీద కత్తెర వేసి 33 సెకన్లు తీయించింది. భవనాలు కూలడం మీద ఎవరికీ పేచీ లేదు. ఒకరికి గాయం దగ్గర ఉలికిపాటు, ఒకరికి బూతుమాట దగ్గర, మనకు ముద్దు దగ్గర.

మన వ్యవస్థ సంగతి కొంచెం విడమరచాలి, ఎందుకంటే టికెట్టు కొనేవాళ్ళలో చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద మొదట యూ, ఏ రెండే ఉండేవి. 1983లో యూ/ఏ, వైద్యుల్లాంటి ప్రత్యేక వర్గాలకు మాత్రమే చూపే ఎస్ వచ్చాయి. పన్నెండేళ్ళ లోపు పిల్లల విషయంలో పెద్దవాళ్ళు ఆలోచించుకోండి అన్నది యూ/ఏ అర్థం. మన పెద్ద హీరోల సినిమాల్లో అత్యధికం ఈ ఒక్క సంచీలోనే ఉండేవి. తాత మనవళ్ళ కథ, కత్తులతో నరుక్కునే కథ, రెంటికీ అదే ముద్ర. 2023లో చట్టం సవరించి, 2024 మార్చిలో కొత్త నియమాలు తెచ్చి, ఆ సంచీని మూడుగా విడదీశారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+.

యూఏ 16+ అని చూడగానే పదిహేనేళ్ళవాడిని లోపలికి రానివ్వరేమో అనుకుంటారు. అలా ఏమీ లేదు. ఈ మూడు అంకెలూ తల్లిదండ్రులకు ఇచ్చే సూచనలే, హాలువాళ్ళు ఆపడానికి అధికారమిచ్చేవి కావు. బ్రిటన్‌లో 15కు ఉన్న బలం మన 16+కు లేదు. ‘ఏ’ సర్టిఫికెట్ సంగతి పూర్తిగా వేరు. పద్దెనిమిది నిండనివాళ్ళకు ‘ఏ’ సినిమా చూపిస్తే ప్రదర్శించినవాళ్ళ మీద చట్టం కింద చర్య ఉంటుంది. మల్టీప్లెక్సులో ఆధార్ అడిగేది అందుకే. చట్టం సింగిల్ స్క్రీన్‌కూ అదే. గేటు దగ్గర ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి ఆచరణ ఉంటుంది, అంతకుమించి చెప్పక్కర్లేదు.

ఈ తేడా వల్లే నిర్మాతలు ‘ఏ’ అంటే వణుకుతారు. 2025లో రజనీకాంత్ ‘కూలీ’కి ‘ఏ’ వస్తే, దాన్ని యూఏ చేయమని నిర్మాతలు మద్రాస్ హైకోర్టుకు వెళ్ళారు. హింస ఇంతకన్నా తక్కువేం కాని ‘కేజీఎఫ్’ లాంటివాటికి యూ/ఏ ఇచ్చారు కదా అన్నది వాళ్ళ వాదనల్లో ఒకటి. కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. కానీ వాదనలో ఉన్న కడుపుమంట ఊరికే పుట్టింది కాదు. నిన్న ఇచ్చినదానికీ ఇవాళ ఇచ్చినదానికీ మధ్య కొలత ఏమిటో బయటివాళ్ళకు కనపడదు.

నా అనుమానమంతా ఇక్కడే. నెత్తురును లెక్కపెట్టే పద్ధతి మొండిది, పిల్లల భయానికి అది అందదు. సరే, అయితే సినిమా మొత్తంగా ఎలా ఉంది, ఏ భావం మిగులుస్తోంది అన్నదాన్నిబట్టి ఇద్దామా? వినడానికి ఇది బాగుంటుంది. మన దగ్గర 1991 నాటి మార్గదర్శకాల్లో ఆ మాట ఉండనే ఉంది: సినిమాను దాని సమగ్ర ప్రభావం దృష్ట్యా చూడాలి అని. ఆ ఒక్క మాటను పట్టుకుని ఒక కమిటీ ఒక సినిమాను వదిలేయొచ్చు, ఇంకో కమిటీ అలాంటిదాన్నే బిగించొచ్చు. నెత్తురు చుక్కకైతే సాక్ష్యం ఉంటుంది. మూడ్‌కు సాక్ష్యం ఎక్కడ తెస్తాం? ప్రభావం మాట అధికారుల చేతిలో బలంగా ఉన్నచోట, అది హింసకన్నా ముందు రాజకీయం మీద పడుతుందన్న భయం మనకు కొత్త కాదు.

బ్రిటన్ ఈ చిక్కును తన పద్ధతిలో తీర్చుకోవాలని చూసింది. కొన్నేళ్ళకోసారి వేలమందిని అడిగి నిబంధనలు మార్చుకునే అలవాటు అక్కడి బోర్డుకు ఉంది. 2014లో మార్చినప్పుడు, ముఖ్యంగా 12ఏకీ 15కీ మధ్య తేల్చుకోవాల్సి వస్తే ఇతివృత్తానికీ సినిమా ధోరణికీ ఇదివరకటి కన్నా ఎక్కువ బరువు ఇస్తామని ప్రకటించింది. 2022లో ‘ది బ్యాట్‌మన్’ వచ్చింది. వానలో తడిసిన నగరం, మొహానికి టేపు చుట్టి చంపే హంతకుడు, మూడు గంటల చీకటి. అమెరికా పీజీ-13 ఇచ్చింది, బ్రిటన్ 15. ఈసారి హాలు బయట ఆగిపోయింది పదమూడు, పద్నాలుగేళ్ళవాళ్ళు, అంటే బ్యాట్‌మన్ అభిమానుల్లో గట్టివాళ్ళు. అట్లాంటిక్ అవతల తమ ఈడువాళ్ళు ఒంటరిగా వెళ్ళి చూస్తున్న సినిమాకు వీళ్ళు అమ్మానాన్నలతో వచ్చినా ప్రవేశం లేదు. 2008లో తిట్టినవాళ్ళు అడిగింది ఇదే. ఇచ్చాక మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసేవాళ్ళు ఎప్పుడూ ఉండరు.

నన్నడిగితే గీతను ఎక్కడ గీసినా సగం మందికి అన్యాయమే, కాబట్టి గీత గురించి కొట్టుకునే శక్తిలో కొంత దాని పక్కన రాసే వాక్యం మీద పెట్టాలి. 2008లోనే బీబీఎఫ్‌సీ ‘ది డార్క్ నైట్’ పోస్టర్ల కోసం ఇచ్చిన సలహాలో ఒక మోస్తరు హింస, ఎడతెగని బెదిరింపు ఉన్నాయని ఉంది. ఆ ఎడతెగని అన్న మాటను చదివి, దాన్ని పట్టించుకున్న తండ్రికి అంకెతో పనిలేదు. మా వాడికి నెత్తురు ఫర్వాలేదు గానీ బెదిరింపు పడదు అని తెలిసినవాడు బోర్డు సభ్యుడు కాదు, ఆ తండ్రే.

మన హాల్లో సినిమాకు ముందు తెర మీద కాసేపు సెన్సార్ సర్టిఫికెట్ వేస్తారు. సినిమా పేరు, భాష, నిడివి, యూఏ 13+ అనో ఇంకోటనో ముద్ర, చూసిన సభ్యుల పేర్లు ఉంటాయి. వెనకటికి జనం అందులో వెతికేది ఎన్ని రీళ్ళో, ఇప్పుడు ఎన్ని నిమిషాలో. ఆ 13+ ఎందుకొచ్చిందో, హింస వల్లనో, భయం వల్లనో, మాటల వల్లనో, ఒక్క ముక్క ఉండదు. ఉన్నా అప్పటికే టికెట్టు కొని, పాప్‌కార్న్ కొని, పిల్లల్ని కూర్చోబెట్టి ఉంటాం. ఇదే సినిమా కొన్ని వారాలకు ఓటీటీలోకి వస్తే, 2021 ఐటీ నియమాల ప్రకారం వయసు అంకె పక్కనే అందులో ఏముందో కూడా చెప్పి తీరాలి. మూల మీద చిన్న అక్షరాల్లో హింస, భయపెట్టే దృశ్యాలు, దుర్భాష అని వస్తుంది. ఇంట్లో సోఫాలో కూర్చుని, నచ్చకపోతే వెంటనే ఆపేయగల మనిషికి చెబుతున్న ఆ మాటలు, వందలు పోసి చీకట్లో మూడు గంటలు కూర్చోబోయే మనిషికి టికెట్ బుక్ చేసే చోటే చెప్పడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, పోస్టర్ మీద ఒక వరస చాలు.